మీసాల చేపకు గింజల ఎర

మెదక్ జిల్లా పాపన్నపేట మండలంలో, నాగసాన్‌పల్లి దగ్గర, మంజీర నది ఏడు పాయలుగా చీలి రాళ్ళ మధ్య నుండి ప్రవహిస్తుంది. అందుకే ఆ చోటికి ఏడుపాయల అనే పేరు వచ్చింది. వనదుర్గా భవాని గుడి ఉన్నది ఇక్కడే. మహాశివరాత్రికి ఇక్కడ పెద్ద జాతర జరుగుతుంది.

మంజీర పుట్టింది మహారాష్ట్రలో, బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో. అక్కడి నుండి కర్ణాటక మీదుగా మన రాష్ట్రంలోకి వస్తుంది. సింగూరు జలాశయాన్ని, తర్వాత ఘనపురం ఆనకట్టను దాటి ఏడుపాయలకు చేరుతుంది. ఇంకా దిగువకు పోయి నిజాంసాగరును నింపి, చివరకు కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది.

ఇటువంటి నది ఒడ్డున ఎప్పుడైనా కాసేపు కూర్చుని చూడండి. ఎవరో గుప్పెడు మరమరాలు నీటిలో చల్లుతారు. అవి తేలుతూ కొట్టుకుపోతుంటే చిన్న చేపలు పైకి వచ్చి ఎగబడతాయి. కొంచెం అవతల ఒకాయన గాలం పట్టుకుని ఉంటాడు. ఆయన డబ్బాలో వానపాములకు బదులు ఉడికించిన మొక్కజొన్న గింజలు ఉంటాయి. కొన్నింటిని నీటిలో చల్లి, ఒకదాన్ని గాలపు ముల్లుకు గుచ్చి అడుగుకు వదులుతాడు. చాలాసేపటి తర్వాత బెండు ఒక్కసారిగా మునుగుతుంది.

ఇప్పుడు మూడు ప్రశ్నలు. పురుగునో, వానపామునో తినవలసిన చేప గింజకు ఎందుకు వస్తుంది? ఆ గింజను ఎందుకు ఉడికించాలి? గుప్పెడు చల్లితే నాలుగు చేపలు వస్తాయి కనుక, సంచెడు చల్లితే నలభై వస్తాయా? ఈ మూడింటికీ జవాబు చేప శరీరంలోనూ, నీటిలోనూ ఉంది. ఒక్కొక్కటే చూద్దాం.

మీసాల కుటుంబం

యూరపు నదులలో బార్బెల్ అనే చేప ఉంది. లాటిన్ భాషలో బార్బా అంటే గడ్డం. ఆ చేప నోటి చుట్టూ నాలుగు మీసాలు వేలాడుతుంటాయి కనుక దానికి ఆ పేరు పెట్టారు. వేగంగా పారే నీటిలో, గులకరాళ్ళ అడుగున ఇది మేత వెతుక్కుంటుంది. ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ అనే ఆయన 1653లో చేపలు పట్టడం గురించి రాసిన ప్రసిద్ధ గ్రంథంలో దీనికి ఒక అధ్యాయమే కేటాయించాడు. ఈనాటికీ అక్కడివారు దీన్ని పట్టడానికి మొక్కజొన్న, శనగ, గోధుమ వంటి గింజలను నానబెట్టి, ఉడికించి ఎరగా వాడతారు.

బార్బెల్ మన నదులలో లేదు. కాని దాని చుట్టాలు మనకు బాగా తెలిసినవే. శాస్త్రజ్ఞులు దాన్ని కార్పు కుటుంబంలో చేర్చారు. మన పరిగెలు, రోహు, బొచ్చె, బంగారుతీగ అన్నీ ఆ కుటుంబానివే. అయితే మీసాల లెక్కలో తేడాలున్నాయి. పెద్ద పరిగె జాతి ఒకదానికి నాలుగు మీసాలు. బంగారుతీగకూ నాలుగే. రోహుకు రెండే, అవీ చాలా చిన్నవి, జాగ్రత్తగా చూస్తేనే కనిపిస్తాయి. బొచ్చెకు అసలు లేవు. బొచ్చె ఎక్కువగా నీటి పైభాగంలో తేలే సూక్ష్మజీవులను వడగట్టుకుని తింటుంది. అడుగున తడుముకోవలసిన పని లేనప్పుడు దానికి మీసమెందుకు?

ఒక హెచ్చరిక. మీసాలున్న ప్రతి చేపా ఈ కుటుంబానిది కాదు. జెల్లలకు, వాలుగకు పొడవాటి మీసాలుంటాయి. కాని వాటి ఒంటిమీద పొలుసులు ఉండవు, నోట్లో పళ్ళుంటాయి. అవి వేరే కుటుంబం. మీరు చేపల సంతకు వెళ్ళినప్పుడు మీసాలను, పొలుసులను రెంటినీ చూసి పోల్చుకోండి.

మీసం కాదు, నాలుక

పిల్లి మీసం వెంట్రుక. చేప మీసం వెంట్రుక కాదు, అది చర్మం సాగి ఏర్పడిన మెత్తని కండ. దానిమీద రుచి మొగ్గలు ఉంటాయి. మన నాలుక మీద ఉండేటటువంటివే. అనగా ఈ చేప తన నాలుకను నోటి బయట వేలాడదీసుకుని తిరుగుతున్నదన్నమాట! వానాకాలంలో మంజీర ఎర్రగా, బురదగా పారుతున్నప్పుడు కంటితో మేతను చూడడం కష్టం. అప్పుడు చేప అడుగున మీసాలు ఆనించి తడుముతూ పోతుంది. తగిలినది తిండో, రాయో నోట్లో పెట్టుకోకముందే దానికి తెలిసిపోతుంది.

ఇంతకుముందే మరొక సూచన అందుతుంది. ఉడికిన గింజ నుండి చక్కెరలు, అమైనో ఆమ్లాలు కొద్దికొద్దిగా నీటిలో కరుగుతుంటాయి. ప్రవాహం వాటిని దిగువకు మోసుకుపోతుంది. చేప ముక్కు రంధ్రాలు ఆ వాసనను పట్టుకుంటాయి. వాసన వచ్చే దిక్కుకు, అనగా ప్రవాహానికి ఎదురుగా, చేప ఈదుకుంటూ వస్తుంది. దూరం నుండి పిలిచేది వాసన, దగ్గరికి వచ్చాక పరీక్షించేది మీసం.

తర్వాత నోరు. చేప గింజతోపాటు ఇసుకను, చిన్న రాళ్ళను కూడా పీల్చుకుంటుంది. కార్పుల అంగిలిలో ఒక కండ మెత్త ఉంటుంది. దాని నిండా రుచి మొగ్గలే. ఈ మెత్త గింజను నొక్కిపట్టి ఉంచి, ఇసుకను బయటికి పోనిస్తుంది. మన ఇంట్లో అమ్మ చేటలో బియ్యం చెరిగినట్లే. మామూలు గింజకు భిన్నంగా బరువుగానో, గట్టిగానో తోచినదాన్ని చేప ఉమ్మేస్తుంది. అందుకే 1980 ప్రాంతంలో ఇంగ్లండులో కొందరు, గింజను ముల్లుకు గుచ్చడం మాని, ముల్లు పక్కన సన్నని దారానికి కట్టే పద్ధతి కనిపెట్టారు. అప్పుడు గింజ స్వేచ్ఛగా కదులుతుంది, చేపకు అనుమానం రాదు.

గొంతులో తిరగలి

బంగారుతీగ నోరు తెరిచి చూడండి. దవడల మీద ఒక్క పన్ను కూడా కనిపించదు. మరి గట్టి గింజను అది ఎలా నమలగలదు? పళ్ళున్నాయి, కాని గొంతులో ఉన్నాయి! మొప్పల వెనుక చివరి ఎముక వంపుల మీద అవి వరుసగా అమరి ఉంటాయి. వీటినే గ్రసని దంతాలు అంటారు. బంగారుతీగలో ఇవి మన దవడ పళ్ళలా చదునుగా ఉంటాయి. వాటికి ఎదురుగా పైన ఒక గట్టి మెత్త ఉంటుంది. కింద పళ్ళు, పైన మెత్త, నడుమ గింజ. తిరగలిలో పడిన కందులను తలచుకోండి.

ఈ తిరగలి ఉండబట్టే ఈ చేపలు నత్తలను, గింజలను కూడా తినగలవు. ఒడ్డున మొలిచిన గడ్డి గింజలు, చెట్ల నుండి రాలిన పండ్లు, వరదకు కొట్టుకొచ్చిన ధాన్యం నదిలోని చేపలకు కొత్త కాదు. మొదటి ప్రశ్నకు జవాబు ఇదే. గింజను కనుక్కునే మీసమూ, దాన్ని పిండి చేసే తిరగలీ రెండూ ఈ చేపకు పుట్టుకతోనే ఉన్నాయి.

కడుపు లేని చేప

ఇక రెండవ ప్రశ్న. మనం అన్నం తింటే అది ముందు జీర్ణాశయంలోకి పోతుంది. అక్కడ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పెప్సిన్ అనే ఎంజైము కలిసి మాంసకృత్తులను విడగొట్టడం మొదలుపెడతాయి. తర్వాత చిన్న ప్రేగులో క్లోమరసంలోని ట్రిప్సిన్ ఆ పని కొనసాగిస్తుంది.

కార్పు కుటుంబపు చేపలకు జీర్ణాశయమే లేదు! గొంతు నుండి మేత నేరుగా ప్రేగులోకి పోతుంది. ఆమ్లం లేదు, పెప్సిన్ లేదు. మాంసకృత్తులను విడగొట్టే భారంలో పెద్ద పాలు ట్రిప్సిన్ మీదే పడుతుంది. ఈ విషయం గుర్తుంచుకోండి. గింజను ఉడికించడానికి మూడు కారణాలున్నాయి. వాటిలో ముఖ్యమైనది దీనితోనే ముడిపడి ఉంది.

మొదటి కారణం ఉబ్బు. ఎండు శనగలను రాత్రి నానబోస్తే తెల్లారేసరికి ఎంతగా ఉబ్బుతాయో మీకు తెలుసు. అవి దాదాపు తమ బరువంత నీటిని పీల్చుకుంటాయి. నలగని ఎండు గింజ చేప ప్రేగులోకి పోతే, ఆ ఉబ్బడం అక్కడ జరుగుతుంది. సన్నని ప్రేగులో అది ఎంత ప్రమాదమో ఊహించండి. కనుక గింజ ఉబ్బవలసినదంతా గిన్నెలోనే ఉబ్బాలి.

రెండవ కారణం పిండి పదార్థం. పచ్చి గింజలో పిండి పదార్థం గట్టి రేణువులుగా ఉంటుంది. నీటిలో 60, 70 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడిచేస్తే ఆ రేణువులు నీటిని పీల్చుకుని, ఉబ్బి, పగులుతాయి. అప్పుడు జీర్ణరసాలు వాటిలోకి సులభంగా చొరబడతాయి. మనం బియ్యాన్ని అన్నంగా వండుకునేదీ అందుకే.

మూడవ కారణం అన్నిటికన్నా ముఖ్యం. శనగ, సోయా వంటి పప్పుజాతి గింజలలో ట్రిప్సిన్‌ను పని చెయ్యనీయకుండా అడ్డుకునే పదార్థాలుంటాయి. మొక్క తన విత్తనాన్ని తినేవారి నుండి కాపాడుకోవడానికి పెట్టుకున్న కాపలా అది. ట్రిప్సినే ప్రధాన ఆధారంగా ఉన్న చేపకు పచ్చి శనగలు వేస్తే, ఉన్న ఒక్క పనివాడి చేతులూ కట్టేసినట్లవుతుంది. బాగా ఉడికిస్తే ఈ అడ్డుపదార్థాలలో చాలా భాగం నశిస్తుంది. చేపల మేత తయారుచేసేవారు సోయాను వేడిచేసిన తర్వాతే కలపడానికి కారణం ఇదే.

కాబట్టి పద్ధతి ఇది. మొక్కజొన్న గింజలను గాని, శనగలను గాని ఒక రాత్రంతా నానబెట్టాలి. గింజకన్నా నీరు మూడు రెట్లు ఉండాలి. తర్వాత రెండు వేళ్ళ మధ్య నొక్కితే నలిగేంతవరకు ఉడికించాలి. వండిన నీటిలోనే చల్లార్చాలి, వాసననిచ్చే పదార్థాలు ఆ నీటిలోనే ఉంటాయి. పుల్లబడి, బూజు పట్టిన గింజలను నదిలో వేయకూడదు.

మరమరాలు, ప్యాలాలు ఎరగా పనికిరావా? వేయించినప్పుడు గింజలో గాలి గదులు ఏర్పడతాయి. దాని సాంద్రత నీటికన్నా తగ్గుతుంది, కనుక తేలుతుంది. పైన తిరిగే చిన్న చేపలు వాటికి వస్తాయి. అడుగున తడుముకునే మీసాల చేపకు కావలసినది మునిగే గింజ.

చిన్న గింజలే ఎందుకు?

ఒక పెద్ద పిండి ముద్ద వేస్తే చేప దాన్ని తినేసి వెళ్ళిపోతుంది. అదే పరిమాణంలో చిన్న గింజలు రాళ్ళ సందుల్లో చెదిరి పడితే, ఒక్కొక్కటే వెతుక్కుంటూ అక్కడే తిరుగుతుంది. అన్నీ ఒకే రకంగా, ఒకే రుచితో ఉంటాయి. పది తిన్నాక పదకొండోదాన్ని అంతగా పరీక్షించదు. ఆ పదకొండోది ముల్లుకు ఉన్న గింజ కావచ్చు.

కాని చేపను తెలివి తక్కువదనుకోకండి. హాలెండు దేశపు శాస్త్రజ్ఞుడు బ్యూకెమా కార్పులపై చేసిన ప్రయోగాల ఫలితాలను 1970లో ప్రకటించాడు. ఒక్కసారి గాలానికి చిక్కి, తిరిగి నీటిలో వదిలిన చేపలు ఆ తర్వాత చిక్కడం బాగా తగ్గిపోయింది. ఒక్క అనుభవంతోనే అవి పాఠం నేర్చుకున్నాయన్నమాట. మరో విశేషం. తేనెటీగల భాషను చదివిన కార్ల్ వాన్ ఫ్రిష్, 1938లో ఇదే కుటుంబానికి చెందిన ఒక చిన్న చేపలో ఒక సంగతి గమనించాడు. చేప చర్మానికి గాయమైతే, దాని నుండి వెలువడే పదార్థం వాసనకు తోటి చేపలు బెదిరి పారిపోతాయి. ఆయనకు 1973లో నోబెల్ బహుమతి లభించింది.

గింజ ఎక్కడ పడుతుంది?

ఏడుపాయలలో అన్ని పాయలూ ఒకే వేగంతో పారవు. పారే నీటిలో గింజ విసిరితే అది నిట్టనిలువుగా దిగదు. ఒక లెక్క చేద్దాం. గింజ సెకనుకు 10 సెంటీమీటర్లు మునుగుతుందనుకోండి. నీటి లోతు 1 మీటరు. అడుగు చేరడానికి 10 సెకండ్లు పడుతుంది. ప్రవాహ వేగం సెకనుకు 30 సెంటీమీటర్లు అయితే, ఆ 10 సెకండ్లలో గింజ 300 సెంటీమీటర్లు, అనగా 3 మీటర్లు దిగువకు పోతుంది. కాబట్టి గాలం ఉన్నచోట గింజలు పడాలంటే 3 మీటర్లు ఎగువన చల్లాలి. వేగం రెట్టింపైతే ఎంత ఎగువన చల్లాలో మీరే చెప్పండి.

గుప్పెడా, సంచెడా?

ఇప్పుడు మూడవ ప్రశ్న. నది ఆరోగ్యం దీనిమీదే ఆధారపడి ఉంది కనుక శ్రద్ధగా చదవండి.

తినని గింజలు అడుగున కుళ్ళుతాయి. కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నీటిలో కరిగిన ప్రాణవాయువును వాడుకుంటాయి. 162 గ్రాముల పిండి పదార్థం పూర్తిగా కుళ్ళి కార్బన్ డై ఆక్సైడు, నీరుగా మారడానికి 192 గ్రాముల ప్రాణవాయువు కావాలి. ఒక కిలో ఎండు మొక్కజొన్నలో సుమారు 700 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. దానికి కావలసిన ప్రాణవాయువు సుమారు 830 గ్రాములు.

నీటిలో ఎంత ఉంటుంది? 30 డిగ్రీల వేడిలో ఒక లీటరు నీటిలో కరగగలిగేది సుమారు 7.5 మిల్లీగ్రాములు మాత్రమే. నీరు వేడెక్కినకొద్దీ ఇది ఇంకా తగ్గుతుంది. 830 గ్రాములను 7.5 మిల్లీగ్రాములతో భాగించండి. దాదాపు 1,10,000 లీటర్లు వస్తుంది! అనగా 11 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 1 మీటరు లోతు ఉన్న మడుగులోని ప్రాణవాయువంతా ఒక్క కిలో గింజలకు సరిపోతుంది.

నది నిండుగా పారుతుంటే భయం లేదు. రాళ్ళ మీద నుండి దూకే నీరు గాలిలోని ప్రాణవాయువును మళ్ళీ మళ్ళీ కలుపుకుంటుంది. నీటి మొక్కలూ పగటిపూట కొంత ఇస్తాయి. కాని వేసవిలో పై నుండి నీరు రానప్పుడు పాయలు ఎండి, రాళ్ళ మధ్య మడుగులు మిగులుతాయి. వాననీటి కోసం ఎదురుచూసే చేపలన్నీ ఆ మడుగుల్లోనే తలదాచుకుంటాయి. లీటరుకు 3 మిల్లీగ్రాములకన్నా ప్రాణవాయువు తగ్గితే కార్పులు నీటిపైకి వచ్చి గుటకలు వేయడం మొదలుపెడతాయి. అటువంటి మడుగులో ఒకరు కాదు, పదిమంది తలా ఒక సంచి గింజలు గుమ్మరిస్తే ఏమవుతుంది? మేత పెడుతున్నామనుకుంటూనే ఊపిరి తీసినవాళ్ళమవుతాము.

అదే 50 గ్రాముల గుప్పెడైతే, అంతా కుళ్ళినా 5,500 లీటర్ల నీటికి సరిపోతుంది. అందులోనూ చాలా భాగం చేపలే తినేస్తాయి. కనుక నియమం చిన్నది. ముందు గుప్పెడు చల్లండి. అవి తిన్నారని తెలిశాకే మరో గుప్పెడు. గింజ పైకి కనిపించకపోతే తిన్నాయనుకోకండి, అడుగున ఉండవచ్చు. నీరు పారని మడుగులో అసలు చల్లకండి.

కొన్ని జాగ్రత్తలు

ఏడుపాయల రాళ్ళు పాకుడు పట్టి జారుతాయి. ఎగువన సింగూరు గేట్లు తెరిస్తే ఎండగా ఉన్న రోజున కూడా పాయలు పొంగవచ్చు. వరద వచ్చినప్పుడు గుడి ముందుకు కూడా నీరు వస్తుంది. పెద్దవారు తోడు లేకుండా నీటి దగ్గరకు వెళ్ళకండి. ఎగువన సంగారెడ్డి దగ్గర 1978లో ఏర్పడిన మంజీర వన్యప్రాణి అభయారణ్యం మొసళ్ళకు నిలయం. అక్కడ గాలం వేయరాదు. మిగిలిన చోట్ల కూడా చేపల మీద హక్కు సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘాలది. వారి బతుకుతెరువు అది. అడిగి, అనుమతి పొందాలి. వానాకాలం చేపలు గుడ్లు పెట్టే కాలం, అప్పుడు వాటిని వదిలేయాలి. గాలానికి సీసపు గుండు కట్టకండి, సీసం విషం. చిన్న రాయి చాలు.

చేసి చూడండి

1. ఇరవై ఎండు శనగలను తూచండి. ఒక రాత్రి నానబెట్టి, తుడిచి, మళ్ళీ తూచండి. ఎన్ని రెట్లు పెరిగింది?

2. పొడవాటి గాజు జాడీలో నీరు నింపి, పైనుండి ఉడికిన మొక్కజొన్న గింజను వదలండి. అడుగు చేరడానికి ఎన్ని సెకండ్లు పట్టిందో లెక్కించండి. జాడీ ఎత్తును ఆ సెకండ్లతో భాగిస్తే గింజ మునిగే వేగం వస్తుంది. దానితో పైన చేసిన లెక్కను మళ్ళీ చేయండి.

3. మీ మాస్టారి సహాయంతో రెండు గాజు సీసాలలో చెరువు నీరు నింపి, ఒక్కొక్కదానిలో మిథిలీన్ బ్లూ ద్రావణం రెండు చుక్కలు వేయండి. ఒకదానిలో మాత్రం అయిదు ఉడికిన గింజలు నలిపి వేయండి. సీసాలను అంచువరకు నింపి, బిగించి, నీడలో ఉంచండి. రోజూ చూడండి. గింజలున్న సీసాలో నీలిరంగు ముందుగా పోతుంది. ప్రాణవాయువు అయిపోయిందనడానికి అది గుర్తు. తర్వాత కొంత నీరు తీసివేసి, గాలి తగిలేలా సీసాను బాగా కుదపండి. నీలిరంగు తిరిగి వస్తుంది. ఎందుకో ఆలోచించండి.

జవాబు చెప్పండి

బొచ్చెకు మీసాలు లేకపోవడానికి, అది మేత తినే చోటికి సంబంధం ఏమిటి? జీర్ణాశయం ఉన్న జెల్లకన్నా, జీర్ణాశయం లేని బంగారుతీగకు పచ్చి శనగలు ఎక్కువ హాని చేయవచ్చు. ఎందుకు? మీ ఊరి చెరువు పొడవు, వెడల్పు, లోతు కొలిచి, ఎన్ని కిలోల గింజలు కుళ్ళితే దానిలోని ప్రాణవాయువంతా ఖర్చవుతుందో లెక్కకట్టండి. వచ్చిన సంఖ్యను మీ బడి గోడ మీద రాసి, చెరువుగట్టుకు వచ్చేవారందరికీ చూపండి.